జీతం లేని సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి డబ్బు ఎవరిస్తారు?

మీ ప్రశ్న ఇంకా చాలామందికి పనికొచ్చేది కాబట్టి ముందు దాన్ని కుదించి చెప్తాను. మీరు న్యూజెర్సీలో ఉంటారు. పెద్దమ్మాయి అక్కడే స్టేట్ యూనివర్సిటీలో సెకండియర్ చదువుతోంది, అమెరికాలోనే పుట్టింది కాబట్టి సిటిజన్. నెవార్క్‌లో ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో పది వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. అది లాభాపేక్ష లేని సంస్థ. జీతం ఇవ్వలేమన్నారు, కావాలంటే కాలేజీ క్రెడిట్ కాగితాల మీద సంతకం పెడతామన్నారు. గుంటూరు నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో బ్యాచిలర్స్ చేస్తున్న మీ అక్కగారబ్బాయికీ ఇలాంటి అవకాశమే వచ్చింది, అతను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాడు. సంస్థవాళ్లని స్టైపెండ్ అడగమంటారా, లేక ఈ ఆలోచనే మానుకుని ఏ షాపులోనో జీతమొచ్చే పని చూసుకోమంటారా అని అడిగారు.

సంస్థని అడగొద్దు. మానుకోనూ వద్దు. అమెరికాలో ఈ రకం ఇంటర్న్‌షిప్‌లకి డబ్బు ఉంటుంది, కానీ అది సంస్థ దగ్గర కాకుండా విద్యార్థి చదివే కాలేజీ దగ్గర ఉంటుంది. అమ్మాయి ఆ డబ్బు తీసుకుని సంస్థకి వెళ్లాలి. నేను ఒక యూనివర్సిటీ కెరీర్ ఆఫీసులో పనిచేస్తూ సమ్మర్ ఫండింగ్ దరఖాస్తులు చదివే కమిటీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. మన పిల్లలు ఎక్కువమంది ఆ కమిటీ దాకా రారు. సంస్థని అడుగుతారు, లేదంటారు, అక్కడితో ఆపేస్తారు. కొందరు మే నెలలో మా ఆఫీసుకి ఫోన్ చేస్తారు, అప్పటికి డబ్బంతా పంచేసి ఉంటాం.

సంస్థవాళ్లు పిసినారితనంతో లేదనడం లేదు. వాళ్లకొచ్చేది ఎక్కువగా గ్రాంట్ల డబ్బు. షుగర్ పరీక్షల కోసం ఇచ్చిన గ్రాంటు షుగర్ పరీక్షలకే ఖర్చవ్వాలి. ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం, కరెంటు బిల్లు లాంటివి ఇండైరెక్ట్ కాస్ట్ అనే ఖాతాలోంచి పోవాలి. ప్రభుత్వంతో సొంత రేటు మాట్లాడుకోలేని చిన్న సంస్థకి ఫెడరల్ గ్రాంట్లలో ఆ ఖాతా కింద దొరికేది 2024 అక్టోబరు దాకా 10 శాతం, ఇప్పుడు 15 శాతం వరకు. ఇంటర్న్ జీతం అందులోంచి తీయాలంటే అద్దెకి తక్కువ పడుతుంది. పైగా చాలా సంస్థలకి ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. మే నెలలో అడిగితే పాత బడ్జెట్ అయిపోయి ఉంటుంది, కొత్తదానికి బోర్డు ఇంకా ఓటు వేసి ఉండదు.

జీతం లేకుండా పని చేయించుకోవడం నేరం కాదా అని మీవారు అడిగారని రాశారు. లాభాల కోసం నడిచే కంపెనీ అయితే ఆ ప్రశ్న సరైనదే. అలాంటి చోట ఇంటర్న్‌షిప్ వల్ల ఎక్కువ మేలు ఎవరికన్నది చూసి తేల్చే పరీక్ష ఒకటుంది, కార్మిక శాఖ 2018 నుంచి దాన్నే పాటిస్తోంది. సేవా సంస్థల సంగతి వేరు. జీతం ఆశించకుండా, ఎవరి బలవంతం లేకుండా పనిచేసేవాళ్లని వాలంటీర్లుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ఆ దారిలో వాదించి లాభం లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. పది వారాలు, వారానికి 35 గంటలు, మొత్తం 350 గంటలు. న్యూజెర్సీలో 2026 కనీస వేతనం గంటకి 15.92 డాలర్లు. గుణిస్తే 5,572 డాలర్లు. ఈ వేసవిలో మీ అమ్మాయి వదులుకుంటున్నది, లెక్క వేసుకోకపోయినా మోస్తున్న భారం ఆ మొత్తం. ఈ అంకె గుర్తుంచుకోండి, దరఖాస్తులో ఇదే అడుగుతారు.

మొదట చూడాల్సింది ఫెడరల్ వర్క్ స్టడీ. ఆర్థిక అవసరమున్న విద్యార్థి పనిచేస్తే జీతంలో ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వం భరించే పథకమిది, 1964లో పేదరిక నిర్మూలన చట్టంతో మొదలైంది. లైబ్రరీ కౌంటర్లో కూర్చునే పిల్లల కోసమే అనుకుంటారు మనవాళ్లు. నిజానికి కాలేజీకొచ్చే వర్క్ స్టడీ డబ్బులో కనీసం 7 శాతం సమాజ సేవ పనులకి ఖర్చుపెట్టి తీరాలి, అది చట్టం. ఆ 7 శాతం నింపుకోవడానికి కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసువాళ్లే బయట సంస్థల కోసం చూస్తుంటారు. క్లాసులు లేని వేసవిలోనూ ఈ డబ్బు వాడుకోవచ్చు. విద్యార్థి వచ్చే సెమిస్టర్‌కి చేరబోతూ ఉండాలి, ఆ సెమిస్టర్‌కి ఆర్థిక అవసరం ఉన్నట్టు తేలాలి, అంతే. అందుకే 2026–27 ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు) ఇంకా నింపకపోతే ముందు ఆ పని చూడండి.

ఇందులో జీతంలో మామూలుగా 75 శాతం దాకా ఫెడరల్ డబ్బు, మిగతా 25 శాతం సంస్థో కాలేజీయో పెట్టుకోవాలి. మీ అమ్మాయి విషయంలో ఆ 25 శాతం అంటే గంటకి సుమారు 4 డాలర్లు, వేసవి మొత్తానికి 1,400 లోపే. హెల్త్ సెంటర్ డైరెక్టర్ని ఐదున్నర వేలు అడిగితే చేతులెత్తేస్తారు. పద్నాలుగు వందలు పెడితే పది వారాలు జీతమున్న మనిషి వస్తుందంటే అకౌంటెంట్‌ని పిలిచి మాట్లాడతారు. అది కూడా భరించలేని చిన్న సంస్థలకి ఫెడరల్ వాటా 90 శాతం దాకా పెంచే వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటు కాలేజీలోని వర్క్ స్టడీ విద్యార్థుల్లో కొద్దిమందికే వాడగలరు, కాబట్టి ముందు అడిగినవాళ్లకి దక్కుతుంది. చిన్నపిల్లలకి చదువు, లెక్కలు చెప్పే పనులకైతే వంద శాతం ఫెడరల్ డబ్బే ఇవ్వొచ్చు.

కాలేజీకీ సంస్థకీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అది లాయర్ల చేతులు దాటి రావడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఏప్రిల్లో మొదలుపెడితే జూన్‌కి అందదు. అప్పటికే ఒప్పందం ఉన్న సంస్థల జాబితా ఎయిడ్ ఆఫీసులో ఉంటుంది, మీ హెల్త్ సెంటర్ పేరు అందులో ఉంటే సగం పని అయిపోయినట్టే. మరో మాట, గుడి నిర్వహణ పనులకి ఈ డబ్బు వాడకూడదు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను.

అయితే మీ ఇంట్లో ఇద్దరూ ఐటీ ఉద్యోగాల్లో ఉన్నామని రాశారు. అలాంటప్పుడు ఫాఫ్సా లెక్కలో అవసరం తేలకపోవచ్చు, వర్క్ స్టడీ రాకపోవచ్చు. అమ్మాయి ఎయిడ్ పోర్టల్ తెరిచి ఆ లైను ఉందో లేదో చూడమనండి. లేకపోతే రెండో దారి పట్టాలి. నాకు బాగా తెలిసినదీ అదే.

చాలా యూనివర్సిటీల్లో జీతం లేని, లేదా తక్కువ జీతమున్న సేవా సంస్థల ఇంటర్న్‌షిప్‌ల కోసం వేరే నిధి ఉంటుంది. పూర్వ విద్యార్థుల విరాళాల మీద నడుస్తుంది. ప్రిన్స్‌టన్‌లో 1969 బ్యాచ్ వాళ్లు 1996లో మొదలుపెట్టిన సివిక్ సర్వీస్ ఇంటర్న్‌షిప్‌లు ఇలాంటివే. స్టాన్‌ఫర్డ్‌లో హాస్ సెంటర్, యేల్‌లో డ్వైట్ హాల్ ఇదే పని చేస్తాయి. అవన్నీ డబ్బున్న కాలేజీలు కదా అంటారేమో. ప్రిన్స్‌టన్ ఊళ్లోనే ఆఫీసున్న బానర్ ఫౌండేషన్ 1990లో కెంటకీలోని బెరియా కాలేజీతో మొదలై ఎన్నో చిన్న కాలేజీల్లో సేవ చేసే విద్యార్థులకి డబ్బిస్తోంది. మీ రాష్ట్రంలో ద కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీలో ఆ కార్యక్రమం ఉంది. వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీ నుంచి పుట్టిన షెపర్డ్ కన్సార్షియం తన సభ్య కాలేజీల పిల్లల్ని ఎనిమిది వారాలు పేదరికం మీద పనిచేసే సంస్థలకి పంపుతుంది.

చిక్కేమిటంటే ఈ డబ్బు ఒకచోట ఉండదు. కెరీర్ సెంటర్లో కొంత, సివిక్ ఎంగేజ్‌మెంట్ ఆఫీసులో కొంత, ఆనర్స్ కాలేజీలో కొంత, డిపార్ట్‌మెంటులో ఏదో ఒక దాత పేరు మీద కొంత. పబ్లిక్ హెల్త్ చదివే అమ్మాయి అయితే ఆ స్కూల్ డీన్ ఆఫీసులో మరికొంత. ఒక ఆఫీసు సంగతి ఇంకో ఆఫీసుకి తెలియదు. మేం ఒకే భవనంలో ఉండి కూడా కింది అంతస్తులో ఉన్న నిధి గురించి విద్యార్థి చెప్తే తెలుసుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి ఒకరు లేదంటే కథ ముగిసిందనుకోకుండా ప్రతి గుమ్మం ఎక్కాలి. గడువులు ఎక్కువగా ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ మొదటివారం లోపు వస్తాయి. ఇప్పుడు ఫిబ్రవరే కదా, ఇంకా మించిపోలేదు.

దరఖాస్తుకి సంస్థ నుంచి ఒక ఉత్తరం కావాలి. డైరెక్టర్‌కి రాయమని వదిలేయకండి, ఆవిడకి తీరిక ఉండదు. అమ్మాయే చిత్తు రాసి పంపాలి. పని చూసేది ఎవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ పని, చివర్లో సంస్థ తన డబ్బుతో జీతం ఇవ్వలేదన్న ఒక వాక్యం. ఆ చివరి వాక్యం లేక ఆగిపోయే దరఖాస్తులు చాలా ఉంటాయి. ఆఫర్ రాకముందే దరఖాస్తు చేసుకోనిచ్చే నిధులూ ఉన్నాయి, అయినా ఉత్తరం ఉన్నదే ముందుకెళ్తుంది.

వ్యాసం దగ్గరికొస్తే, మన పిల్లలవి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. చిన్నప్పటి నుంచి నాకు ఇతరులకి సాయం చేయడం ఇష్టం, వేసవి సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు రోడ్డు పక్కన పిల్లల్ని చూసి చలించిపోయాను, డాక్టరునై సమాజానికి సేవ చేస్తాను. వరసగా ఇవే చదివి చదివి కమిటీలో పక్కవాళ్లు పేజీ తిప్పేస్తారు. అబద్ధమని కాదు, అందులో నెవార్క్ లేదు, ఆ హెల్త్ సెంటర్ లేదు. మీ అమ్మాయి అక్కడికి ఒక పూట వెళ్లి, వాళ్లని నిజంగా ఇబ్బంది పెడుతున్న విషయమేమిటో కనుక్కోవాలి. ఉదాహరణకి అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్లు ఎక్కువ ఉన్నారనుకోండి. వాళ్లకి ఫోన్ చేసి, బస్సు దొరక్క రాలేదా, సెలవు దొరక్క రాలేదా, భాష అర్థం కాక రాలేదా అని రాసుకుని, పది వారాల చివర్లో క్లినిక్‌కి ఒక చిన్న నివేదిక ఇస్తానని రాస్తే ఆ దరఖాస్తు వేరే కుప్పలోకి వెళ్తుంది. తను వెళ్లిపోయాక సంస్థకి ఏం మిగులుతుందన్నది కమిటీ చూస్తుంది. స్పానిష్ కొంచెం వచ్చినా రాయమనండి. నెవార్క్ లాంటి ఊళ్లో అది మనం అనుకునేదానికన్నా ఎక్కువ విలువ చేస్తుంది. హైస్కూల్లో రోబోటిక్స్ ట్రోఫీ గెలిచిన సంగతి వదిలేయొచ్చు.

బడ్జెట్ పేజీ కూడా ఉంటుంది. రైలు పాస్, భోజనం, ఇంటి నుంచి దూరమైతే అద్దె, పోయిన వేసవిలో షాపులో సంపాదించినది ఈసారి పోతుంది కాబట్టి ఆ అంకె. మా డబ్బు లేకపోతే ఈ పని చేయగలవా అని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఇంట్లోనే ఉంటూ, తల్లిదండ్రులు పోషిస్తూ ఉంటే ఆ మాట దాచకండి. పూర్తి 5,000 అడిగే బదులు ప్రయాణానికి, భోజనానికి, పోయిన సంపాదనలో కొంతకి కలిపి 2,000 అడిగితే వచ్చే అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే కమిటీకి మిగిలిన మూడు వేలతో ఇంకొకరికి ఇవ్వగలిగే వీలుంటుంది. సొంతంగా ఫీజు కట్టుకుని, ఇంటికి కూడా డబ్బు పంపే పిల్లలు అదే నిధి కోసం వరుసలో ఉంటారు. కలిగిన కుటుంబం మొత్తం అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మా ఆఫీసులో అందరూ దీనికి ఒప్పుకోరు.

సంస్థ ఇస్తానన్న కాలేజీ క్రెడిట్ గురించి జాగ్రత్త. క్రెడిట్ ఇచ్చేది సంస్థ కాదు, కాలేజీ. వేసవి క్రెడిట్‌కి చాలా కాలేజీల్లో విడిగా ట్యూషన్ కట్టాలి. మూడు క్రెడిట్లకి రిజిస్టరైతే, జీతం లేని పనికి మీరే ఎదురు ఫీజు కట్టినట్టు, అచ్చంగా చేతి చమురు భాగవతం. డిగ్రీకి ఆ క్రెడిట్లు తప్పనిసరైతే సరే. లేకపోతే సున్నా క్రెడిట్ కోర్సు ఉందా, వేసవి పనిని ఆగస్టు తర్వాతి సెమిస్టర్లో నమోదు చేసుకోవచ్చా అని అడగండి. చాలా డిపార్ట్‌మెంట్లు ఒప్పుకుంటాయి, అడిగితేనే చెప్తాయి. ఇక డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనే కంపెనీల ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. సేవా సంస్థలో ఉచితంగా పనిచేయడానికి మధ్యవర్తికి రుసుమెందుకు?

అమెరికార్ప్స్ గురించి అడిగారు. సమాజ సేవ కోసం 1993లో పెట్టిన ఫెడరల్ సంస్థ, ప్రధానంగా సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ. అందులో విస్టా సమ్మర్ అసోసియేట్ అని కొన్ని వారాల వేసవి పని ఒకటుంది, బతకడానికి భత్యం ఇస్తారు. కొన్ని కార్యక్రమాల్లో 300 గంటలు పూర్తిచేస్తే చదువు అవార్డు వస్తుంది, ఈ మధ్య దాని విలువ 1,565 డాలర్లు. అది చేతికి రాదు, ఫీజుకో ఫెడరల్ లోనుకో జమ చేస్తారు, ఏడేళ్లలోపు వాడుకోవాలి. వ్యక్తిగా వెళ్లి నన్ను చేర్చుకోండి అంటే కుదరదు, ఆ హెల్త్ సెంటర్ అప్పటికే అమెరికార్ప్స్ భాగస్వామి అయి ఉండాలి. 2025 ఏప్రిల్లో దాదాపు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు హఠాత్తుగా రద్దు చేశారు, తర్వాత కోర్టుల్లో కేసులు, కొన్ని రాష్ట్రాల్లో పునరుద్ధరణ. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని వేసవి ప్లాన్ చేసుకోవద్దు.

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదివేవాళ్లకి రెండు మాటలు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎక్సాన్‌మొబిల్ కమ్యూనిటీ సమ్మర్ జాబ్స్ కార్యక్రమం చూడండి. కంపెనీ డబ్బిస్తుంది, విద్యార్థి స్థానిక సేవా సంస్థలో ఎనిమిది వారాలు పనిచేస్తాడు. కాలిఫోర్నియాలో 2022 నుంచి కాలేజ్ కోర్ అని ఉంది, 450 గంటల సేవకి మొత్తం 10,000 డాలర్ల దాకా ఇస్తారు, ఎక్కువగా చదువు సాగుతున్న ఏడాదిలోనే. లాస్ ఏంజిలిస్‌లో మ్యూజియాలు, కళాసంస్థల్లో పనిచేయాలనుకునేవాళ్లకి గెట్టీ ఫౌండేషన్ 1993 నుంచి జీతమున్న ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది.

డబ్బు వచ్చాక పన్ను సంగతి. ఇక్కడ మన తండ్రులు ఎక్కువ తికమక పడతారు. ఒకే ఐదు వేలు, జీతంగా వస్తే ఒక రకం, ఫెలోషిప్‌గా వస్తే ఇంకో రకం. జీతమైతే యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 ఫారం వస్తుంది, పన్ను ముందే కోసుకుంటారు. ఫెలోషిప్ స్టైపెండ్ అయితే చాలాసార్లు ఏ ఫారమూ రాదు, పన్ను కోయరు, అంతమాత్రాన పన్ను లేనట్టు కాదు. ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకి పోయినది తప్ప మిగతాదంతా ఆదాయమే, రిటర్నులో చూపించాలి. మీ అమ్మాయికి ఏడాది మొత్తానికి ఇదొక్కటే ఆదాయమైతే స్టాండర్డ్ డిడక్షన్‌లో, అంటే పన్ను పడని కనీస మొత్తంలో కలిసిపోతుంది, ఫెడరల్ పన్ను సాధారణంగా పడదు. ఆ స్టైపెండ్‌తో అమ్మాయి పేరు మీద రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతా తెరవాలని మీవారు ఇప్పటికే లెక్కలేస్తుంటే ఆపమనండి. డబ్ల్యూ-2 లేని అండర్‌గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ దానికి సంపాదన కింద లెక్కకి రాదు. గ్రాడ్యుయేట్ విద్యార్థులకి ఆ వెసులుబాటు ఇచ్చారు, వీళ్లకి ఇవ్వలేదు. డబ్బు తీసుకునే ముందే ఎయిడ్ ఆఫీసుని ఒక్కమాట అడగండి, దీన్ని సంపాదనగా చూస్తారా, స్కాలర్‌షిప్‌గా చూస్తారా అని. స్కాలర్‌షిప్ అంటే వచ్చే ఏడాది ఎయిడ్‌లో కోత పడే ప్రమాదం ఉంది. సంపాదన అంటే ఫాఫ్సా లెక్కలో విద్యార్థికి 11 వేల డాలర్ల పైచిలుకు వరకు మినహాయింపు ఉంటుంది, ఇంత చిన్న మొత్తం దాన్ని దాటదు.

ఇప్పుడు మీ అక్కగారబ్బాయి. అతనికి వర్క్ స్టడీ లేదు, అమెరికార్ప్స్ లేదు. బయట సంస్థలో డబ్బు తీసుకుని పనిచేయాలంటే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి కావాలి. దానికి ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, ఆ పని అతని కోర్సులో భాగమని కాలేజీ ఒప్పుకోవాలి, సంస్థ పేరు, తేదీలతో కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద రావాలి, అది చేతికొచ్చాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. స్టైపెండ్ సంస్థ ఇవ్వడం లేదు, కాలేజీ ఇస్తోంది కాబట్టి సీపీటీ అక్కర్లేదని స్నేహితులు చెప్తారు. వినొద్దు. చేసిన పనికి ప్రతిఫలంగా ఎవరిచ్చినా అది ప్రతిఫలమే. ఇంటర్నేషనల్ ఆఫీసు రాతపూర్వకంగా అక్కర్లేదంటే తప్ప సీపీటీ తీసుకోవాలి. పూర్తికాలం సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ స్థాయి చదువుకి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి పోతుంది, పది వారాలతో ఆ భయం లేదు. సీపీటీ కోసం క్రెడిట్ కోర్సు తీసుకోమంటే, పైన చెప్పిన ట్యూషన్ గొడవ అతనికి ఇంకా ఖరీదుగా పడుతుంది, ముందే కనుక్కోవాలి.

పన్ను కూడా వేరు. పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం కాలేజీ అతని ఫెలోషిప్‌లో పన్ను పడే భాగం మీద 14 శాతం కోసుకుని 1042-ఎస్ ఫారం ఇస్తుంది. అయితే భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులు రిటర్నులో స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. నాన్ రెసిడెంట్లలో ఇంకే దేశపు విద్యార్థికీ మామూలుగా దొరకని సౌకర్యమిది. ఆదాయం తక్కువైతే కోసిన డబ్బు తిరిగొస్తుంది. చాలామంది పిల్లలు రిటర్ను వేయక వదిలేసుకుంటారు.

అతనికి ఇంకో దారి ఉంది, నన్నడిగితే అదే బాగుంటుంది. చాలా కాలేజీల సమ్మర్ నిధులు విదేశాల్లో చేసే ఇంటర్న్‌షిప్‌లకీ వర్తిస్తాయి, సొంత దేశమైనా ఒప్పుకునేవి ఉన్నాయి. వేసవికి ఎలాగూ గుంటూరు వెళ్తాడు కదా. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ లాంటి పెద్దవే కాదు, ఊళ్లో ఉన్న చిన్న సంస్థకైనా రాసి అడగొచ్చు. ఇండియాలో పనిచేస్తే అమెరికా పని అనుమతి ప్రశ్న రాదు. పని జరిగేది అమెరికా బయట కాబట్టి నాన్ రెసిడెంట్ విద్యార్థికి ఆ ఫెలోషిప్ అమెరికా ఆదాయం కాదు, 14 శాతం కోత కూడా ఉండదు. ఆ మాట కాలేజీ పేరోల్ వాళ్లకి అతనే గుర్తు చేయాల్సి రావొచ్చు. భాష వచ్చినవాడు, జిల్లా తెలిసినవాడు అని దరఖాస్తులో చూపిస్తే కమిటీ ముందు అది పెద్ద బలం. తిరిగొచ్చేటప్పటికి వీసా గడువు, ఐ-20 మీద ట్రావెల్ సంతకం సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం బయల్దేరే ముందే చూసుకోవాలి.

మీరు అడగలేదు గానీ, ఇది చదివే చాలా ఇళ్లలో పిల్లలు హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా వల్ల కుటుంబానికి వచ్చే వీసా మీద ఉన్నారు. చిన్నప్పుడే వచ్చి, గ్రీన్ కార్డు వరుసలో తల్లిదండ్రులతో పాటు ఎదురుచూస్తూ కాలేజీకొచ్చినవాళ్లు. వాళ్ల పరిస్థితి ఎఫ్-1 కన్నా ఇరుకు. ఫాఫ్సా లేదు, సీపీటీ లేదు, హెచ్-4 ఈఏడీ అనే పని అనుమతి భార్యాభర్తలకే గానీ పిల్లలకి రాదు. చేసిన పనికి డబ్బు తీసుకోకూడదు. ఏ ప్రతిఫలం లేకుండా, మామూలుగా వాలంటీర్లే చేసే పని చేయొచ్చు. డబ్బు కావాలంటే సేవతో ముడిపెట్టకుండా ట్యూషన్‌కి జమయ్యే స్కాలర్‌షిప్ ఏదైనా ఉందేమో కాలేజీని అడగాలి. అదీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడాకే. ఇరవై ఒకటి నిండేలోపు ఎలాగూ ఎఫ్-1కి మారాల్సి వస్తుంది చాలామందికి. సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఆశలున్నవాళ్లు ఆ మార్పు ఎప్పుడన్నది లాయరుతో కాస్త ముందే మాట్లాడుకోవడం మేలు, ఎందుకంటే ఎఫ్-1కి మారాకే సీపీటీ అడగడానికి వీలవుతుంది.

చివరగా మీవారి ఉపాయం. మేమే సంస్థకి ఐదు వేలు విరాళమిస్తాం, మా కంపెనీ ఇంకో ఐదు వేలు మ్యాచింగ్ ఇస్తుంది, ఆ డబ్బులోంచి వాళ్లు మా అమ్మాయికి స్టైపెండ్ ఇస్తారు అని రాశారు. తెలివైనదే, కానీ చేయకండి. ఫలానా మనిషికి ఇవ్వమని షరతు పెట్టిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు. ఆ మనిషి సొంత కూతురైతే చెప్పక్కర్లేదు. మ్యాచింగ్ నిబంధనల్లో కూడా దాత కుటుంబానికి లాభం రాకూడదని ఉంటుంది, బయటపడితే మీ ఉద్యోగానికే చిక్కు. సంస్థ కూడా ఇబ్బందిలో పడుతుంది. ఇవ్వాలని ఉంటే షరతు లేకుండా ఇవ్వండి, లేదా అమ్మాయి కాలేజీలోని సమ్మర్ నిధికి ఇవ్వండి, ఎవరికి ఇవ్వాలో కమిటీ చూసుకుంటుంది. మన తెలుగు సంఘాలు కూడా ఇది చేయొచ్చని నాకెప్పటి నుంచో ఉంది. ఒక పెద్ద సభలో ఒక పూట భోజనాల ఖర్చుతో కొందరు పిల్లలు వేసవంతా పనిచేయగలరు.

చిన్నబాబు పదకొండో తరగతి అన్నారు కదా, అతనికి బ్యాంక్ ఆఫ్ అమెరికా స్టూడెంట్ లీడర్స్ అని ఉంది. హైస్కూల్ చివరి రెండేళ్ల పిల్లలకి, స్థానిక సేవా సంస్థలో ఎనిమిది వారాల పని, జీతం బ్యాంకు ఇస్తుంది. దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి, ఈ ఏడాదికి అయిపోయి ఉండొచ్చు. పన్నెండులో ఉండగా వేయొచ్చు కాబట్టి అక్టోబరులో వెబ్‌సైట్ చూసుకోమనండి.

అమ్మాయి ఉత్తరం చిత్తు రాశాక ఇక్కడ పెడితే చూసి చెప్తాను. సంస్థ పేరు, సూపర్‌వైజర్ పేరు తీసేసి పెట్టమనండి.